వంద అడుగుల వరండా

నీళ్లలో ఏముందో చెప్పడం ఆమె ఉద్యోగం. నగర నీటి సరఫరా ఆఫీసులో, మెట్ల కింద ఇరికించిన పరీక్షల గదిలో, ఇరవై రెండేళ్లుగా అదే పని. పొద్దున్నే ఐసు పెట్టెలో సీసాలొస్తాయి. ప్రతి సీసా మెడకీ దారంతో కట్టిన చీటీ ఉంటుంది: ఏ వీధి కుళాయి, ఎన్ని గంటలకు పట్టారు, ఎవరు పట్టారు. ఆమె గాజు గొట్టంలోకి కాసిని నీళ్లు వంచి, మందు చుక్కలు వేసి, కిటికీ వెలుతురుకి ఎత్తి రంగు చూస్తుంది. పసుపు తేలితే క్లోరిన్ ఉన్నట్టు. తేలకపోతే ఆ వీధి మేస్త్రీకి ఫోను వెళ్లాలి. ‘కాస్త అటూ ఇటూగా రాస్తే ఏం పోయింది మేడమ్’ అని పైవాళ్లు ఒకటి రెండుసార్లు అడిగి చూశారు. ఆమె గొట్టంలో ఏది కనిపిస్తే అదే రాసింది. ఆఫీసంతా ఆమెని ‘నీళ్ల మేడమ్’ అంటారు. ఆ పేరు మొదట గౌరవంగా పెట్టారో వెటకారంగా పెట్టారో ఎవరికీ గుర్తు లేదు.

ఇంత కచ్చితమైన మనిషి ఏడాదికోసారి మైకు ముందు నిలబడి పది నిమిషాలు అబద్ధం చెప్పేది.

ఆమె చదివిన కాలేజీలో ‘తోడు’ అని ఒక పథకం ఉంది. ఇంటి మొత్తం మీద మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలకి, చేతిలో పెద్దగా ఆసరా లేని పిల్లలకి, పాత విద్యార్థులు ఒక్కొక్కరికి ఒక్కొక్కరు తోడుగా ఉంటారు. పథకంలో తప్పు పట్టడానికేం లేదు. ఏ కాగితం ఏ కిటికీలో ఇవ్వాలి, ఏ లెక్చరర్‌ని ఏ వేళప్పుడు కదిలించకూడదు, ‘ఇంటర్నల్స్’ అంటే ఏమిటి, హాజరు తగ్గితే ఎవరి కాళ్లు పట్టుకోవాలి - ఇలాంటివి కొన్ని ఇళ్లలో భోజనాల దగ్గర మాటల్లోనే పిల్లలకి తెలిసిపోతాయి. కొన్ని ఇళ్లలో చెప్పేవాళ్లే ఉండరు. ఆ రెండో రకం ఇళ్ల పిల్లలకి ఒక మనిషి దొరకడం నిజంగా మేలు.

కానీ దాన్ని నడిపే బోటనీ లెక్చరర్‌కి ఆ మేలు సరిపోలేదు. ఆయన్ని అందరూ ‘తోడు సారు’ అంటారు. పిల్లల్లో స్ఫూర్తి నింపాలని ఆయన పట్టుదల. అందుకని ఏటా మొదటి సమావేశంలో పాత విద్యార్థులు వరసగా లేచి ఎవరి కష్టం వాళ్లు చెప్పాలని నియమం పెట్టాడు. కష్టం ఎంత పెద్దదైతే చప్పట్లు అంత గట్టిగా పడేవి. ఒకాయన వీధి దీపం కింద చదివానన్నాడు. మరుసటి ఏడాది ఇంకొకాయన కూడా వీధి దీపం కిందే చదివాడు. మూడో ఏడాదికి ఆ ఊళ్లో దీపస్తంభాల కింద కూర్చోడానికి చోటు దొరకనంతమంది చదివేశారు.

నీళ్ల మేడమ్‌కి వచ్చిన చిక్కల్లా ఆమెకి చెప్పుకోదగ్గ కష్టం లేకపోవడం. తండ్రి బస్సు డిపోలో బస్సులు కడిగేవాడు. జీతం ఆలస్యంగానైనా వచ్చేది. ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాళ్లు లేరు గాని, ఆమె ఆకలితో పడుకున్న రోజూ లేదు. చదివింది. యాభై ఎనిమిది శాతం వచ్చింది. ఉద్యోగం వచ్చింది. దీన్ని పది నిమిషాలు లాగడం ఎవరి తరం?

మొదటి ఏడాది మైకు పట్టుకుని రెండు నిమిషాల్లో ఈ కథంతా చెప్పేసి నీళ్లు నమిలింది. ముందు వరసలో తోడు సారు గడియారం చూసుకున్నాడు. అప్పుడు ఆమె నోట్లోంచి, ఆమె అనుకోకుండానే, హాస్టల్లో తన పక్క మంచం అమ్మాయి కథ వచ్చేసింది.

పరీక్షల ముందు చదువుకోడానికి నలభై రోజులు సెలవులిచ్చి, హాస్టల్ మూసి, అందర్నీ ఇళ్లకి పంపేవాళ్లు. ఇంటికెళ్తే చదువు సాగదని పక్క మంచం అమ్మాయి ఎవరికీ చెప్పకుండా లోపలే ఉండిపోయింది. స్నానాల గదుల వెనక తలుపుకి గడియ సరిగ్గా పడదు; అదే దారి. రోజుకో పూట, బ్రెడ్డు ముక్కలూ గుప్పెడు వేరుశెనగ గింజలూ. పగలంతా పై అంతస్తు వరండాలో పుస్తకం పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ బట్టీ పట్టడం. ఇదంతా నీళ్ల మేడమ్ ‘నేను’ అని చెప్పింది. ‘ఆ వరండా ఇటు నుంచి అటు సరిగ్గా వంద అడుగులు. రోజుకి ఎన్నిసార్లు నడిచానో లెక్క లేదు. ఆ వంద అడుగులే నన్ను ఇక్కడ నిలబెట్టాయి’ అని ముగించింది. వంద అనే అంకె ఎక్కణ్ణించి వచ్చిందో ఆమెకే తెలీదు. నిండుగా ఉంటుందని వేసి ఉంటాననుకుంది. చప్పట్లు ఆగడానికి కాసేపు పట్టింది.

అప్పట్నుంచి ఏటా అదే కథ. ఆరేళ్లు చెప్పింది. ఎన్నిసార్లు చెబితే అంత స్పష్టంగా కనిపించేది. వరండా చివర ఇనప కమ్మీల కిటికీ, మధ్యాహ్నం ఆ కమ్మీల నీడ నేలమీద పడటం, గోడకి వీపు ఆనిస్తే తగిలే చల్లదనం - ఇవన్నీ తను చూసినట్టే, పడినట్టే గుర్తుండేవి. నాలుగో ఏడాది ఒకసారి చెబుతూ చెబుతూ నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరి కోసమో అడిగితే చెప్పలేకపోయేది.

అసలు సంగతి ఇది. పక్క మంచం అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది: ‘ఆదివారం ఆదివారం కాస్త తినడానికి పట్టుకురావే.’ సరేనంది. రెండు ఆదివారాలు వెళ్లింది. మూడో ఆదివారం ఇంట్లో పిన్ని వాళ్లొచ్చారు. నాలుగోసారి ఎవరూ రాలేదు గాని, ఎండగా ఉందని పడుకుంది. నలభయ్యో రోజున ట్రంకు పెట్టెతో హాస్టల్‌కి తిరిగొస్తే, ఆ అమ్మాయి వరండా చివర నిలబడి ఉంది. మనిషి సగమైంది. పలకరిస్తే నవ్వి ఏదో ఒక్క ముక్క అంది. పరీక్ష హాల్లో కాగితం ఇచ్చినా చేత్తో పట్టుకోలేదట. రెండో రోజు ఎవరో ఇద్దరు వచ్చి తీసుకుపోయారు. తర్వాత ఆమె గురించి ఎవరూ అడగలేదు. నీళ్ల మేడమ్ కూడా అడగలేదు.

ఆరో ఏడాది ఆమెకి తోడుగా కేటాయించిన అమ్మాయి ఇస్త్రీ ఆవిడ కూతురు. రెండో సంవత్సరం, ఫిజిక్స్. ఇల్లంటే ఒకటే గది. ఆ గదిలో ముప్పాతిక వంతు ఇస్త్రీ బల్ల. పదిహేను రోజులకోసారి శనివారం మధ్యాహ్నం కాలేజీ క్యాంటీన్లో కలుసుకునేవాళ్లు.

ఇద్దరూ బాగానే కుదిరారు. మరీ బాగా కుదిరారు. నీళ్ల మేడమ్ చెప్పిందల్లా ఆ అమ్మాయి ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. ముందు బెంచీలో కూర్చోమంటే మర్నాటి నుంచి ముందు బెంచీ. అది మామూలే. ‘నాకు టీ పడదమ్మా, తలనొప్పి’ అని ఒకసారి అంటే, వచ్చే శనివారం ఆ అమ్మాయి కూడా టీ పక్కకి నెట్టేసింది.

“నీకేమైంది?”

“నాకూ పడదు మేడమ్.”

“ఎప్పట్నుంచి?”

“పోయిన శనివారం నుంచి.”

నీళ్ల మేడమ్ నవ్వింది. తర్వాత గమనిస్తే పాపిడి కూడా తనలాగే ఎడమవైపుకి మారింది. ఏడు అంకె వేసేటప్పుడు నడుమ అడ్డగీత పెట్టడం తన అలవాటు. ఆ అమ్మాయి పుస్తకం నిండా ఏడులకి అడ్డగీతలు. హాస్టల్లో గది మార్పించుకుందని తెలిసింది. పై అంతస్తులో చివరి గది, ఒకప్పుడు ఆమె ఉన్న గదే.

“అక్కడ గాలి రాదు కదమ్మా. ఎందుకు?”

“మీరున్నారు కదా మేడమ్.”

ఇలాంటి మాటకి పెద్దవాళ్లు పొంగిపోవడం సహజం. ఆమె కూడా కొంచెం పొంగింది. మనల్ని ఒకరు అనుసరిస్తున్నారంటే మనం సరైన దారిలో నడిచామనే అనుకుంటాం. ఆ దారి మనది కాకపోయినా.

పరీక్షల ముందు సెలవులు మొదలయ్యాయి. శనివారాలు ఆగిపోయాయి. ఆ అమ్మాయిది బటన్ల ఫోను. ఒకసారి ఛార్జి పెడితే వారం బతుకుతుంది. రోజుకో సందేశం పెట్టేది. ‘బాగున్నాను మేడమ్. 84.’ మర్నాడూ అదే, 84. నాలుగైదు రోజులకి 85. తర్వాత 87. మోడల్ పేపర్లు రాసుకుని మార్కులు పంపుతోందనుకుంది నీళ్ల మేడమ్. 89కి ‘శభాష్’ అని జవాబిచ్చింది. 91కి ‘ఇంకా పెంచాలి, వదలకు’ అని రాసింది.

ఇరవై తొమ్మిదో రోజున ఆఫీసులో, నీళ్ల పరీక్షల గది గుమ్మంలో ఒకావిడ నిలబడింది. చేతిలో మూట. చేతివేళ్ల చివర పాత కాలిన మచ్చలు.

“నీళ్ల మేడమ్ గారంటే మీరేనామ్మా?”

“నేనే. ఏ వీధి? నీళ్లు వాసనొస్తున్నాయా?”

“నీళ్ల సంగతి కాదమ్మా. మా పిల్ల మీ దగ్గరే కదా ఉంటోంది. రెండు జతల బట్టలతో వచ్చేసింది, ఇవి ఇచ్చిపోదామని. ఇంటికే వద్దును గాని ఇల్లెక్కడో పిల్ల సరిగ్గా చెప్పలేదు.”

నీళ్ల మేడమ్ చేతిలోని గొట్టం అలాగే కిటికీ వెలుతుర్లో ఉండిపోయింది.

“నెలరోజుల్నుంచి ఒక మనిషికి పెడుతున్నారు. ఈ రోజుల్లో సొంతవాళ్లే పెట్టరు,” అంది ఇస్త్రీ ఆవిడ. “మా ఆయనైతే నమ్మలేదనుకోండి. ఊరికే ఎవరు ఉంచుకుంటారే, ఇంటి చాకిరీ చేయిస్తుంటారు అన్నాడు. నోర్ముయ్యమన్నాను. మేడమ్ కూడా మనలాంటి ఇంట్లోంచే వచ్చిందట, ఆకలి తెలిసిన మనిషట అన్నాను.” కాస్త దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. “ఒళ్లు చేసిందామ్మా కొంచెమైనా? మా ఇంట్లో ఉన్నప్పుడు పుల్లలా ఉండేది.”

“బాగుంది,” అంది నీళ్ల మేడమ్.

ఆవిడ మూట బల్లమీద పెట్టి దణ్ణం పెట్టి వెళ్లింది. మూటలో నాలుగు జతలు, అంచుకి అంచు కలిపి మడత పెట్టినవి, ఇంకా వెచ్చగా ఉన్నాయి.

ఫోను తీసి సందేశాలన్నీ మొదట్నుంచి చూసుకుంది. అవి మార్కులైతే ఒక్కరోజైనా తగ్గాలి. ఏ అంకే తగ్గలేదు. చివరిది ఆ పొద్దుటిది: 93. ఫోను చేస్తే స్విచాఫ్ వచ్చింది. ఆ రోజు సీసాల్లో ఆరు అలాగే మిగిలిపోయాయి. ఇరవై రెండేళ్లలో మొదటిసారి.

హాస్టల్ ముందు గేటుకి తాళం. కాపలా మనిషి బయట కుర్చీలో కూర్చుని ‘లోపల పిట్ట కూడా లేదు మేడమ్’ అన్నాడు, అబద్ధం చెప్పేవాడిలా లేడు. ఆమె ప్రహరీ చుట్టూ తిరిగి స్నానాల గదుల వెనక్కి వెళ్లింది. తలుపు తోసింది. తెరుచుకుంది; గడియ ఇప్పటికీ పడదు. ఇరవై ఆరేళ్లలో ఎవరూ దాన్ని బాగు చెయ్యలేదు.

మధ్యాహ్నం రెండు గంటలు. బయట ఎండ కాస్తోంది, లోపల తడి గచ్చు వాసన. ఈ దారిన ఆమె రావడం ఇదే మొదటిసారి; హాస్టల్లో ఉన్నన్నాళ్లూ ఈ వెనక నడవా, మెట్లు పనివాళ్లకే. రెండు ఆదివారాలూ ఆమె తెచ్చింది ఇదే తలుపు సందులోంచి అందించి వెనక్కి వెళ్లిపోయింది. అయినా కాళ్లు తడుముకోలేదు. కుడివైపు తొట్టి ఉంటుందనుకుంది, ఉంది. మూడో మెట్టు అంచు విరిగి ఉంటుందనుకుంది, విరిగే ఉంది. ఇవి తనకెవరు చెప్పారు? పక్క మంచం అమ్మాయి చెప్పి ఉండాలి. లేదా తనే చెప్పీ చెప్పీ...

సగం మెట్ల మీద ఉండగా పైనుంచి అడుగుల చప్పుడు వినిపించింది. నిదానంగా, ఒకే తీరుగా. దాంతోపాటు సన్నటి గొంతు.

“అరవై రెండు. అరవై మూడు.”

పైకొచ్చి మెట్ల మొదట్లో నిలబడింది. రెండువైపులా మూసిన తలుపులు, తలుపు తలుపుకీ తాళం. చివర కమ్మీల కిటికీ. కమ్మీల నీడలు తను ఆరేళ్లుగా ఎక్కడ పడతాయని చెబుతోందో అక్కడే పడ్డాయి. ఆ నీడల్లోంచి ఆ అమ్మాయి నడిచొస్తోంది. ఛాతీ దగ్గర తెరిచిన పుస్తకం. ఎడమ పాపిడి. ఎదురొచ్చింది, నీళ్ల మేడమ్ పక్కనుంచే, కొంగు తగిలేంత దగ్గర్నుంచి దాటుకుని పోయింది. చూపు పుస్తకం మీద, పెదాలు అంకెల మీద. గోడ దగ్గర ఆగింది.

“తొంభై నాలుగు,” అంది. అప్పుడు తల తిప్పింది. “వచ్చారా మేడమ్. ఇంకో ఆరే.”

“ఏమిటమ్మా ఇది? మీ అమ్మ...”

“మొదట్లో నాకూ భయమేసింది మేడమ్,” అంది ఆ అమ్మాయి, క్యాంటీన్లో కూర్చుని మాట్లాడుతున్నట్టు. “మీరు వందన్నారు. నాకు ఎనభై నాలుగే వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాను, ఎనభై నాలుగే. మీరు అంకెల్లో తప్పు చెప్పరు కదా. అంటే తప్పు నాదే. మిగతా పదహారు అడుగులు ఎక్కడున్నాయా అని వెతికాను. మెట్లమీద చూశాను. డాబా మీద కూడా చూశాను. తర్వాత మీ లెక్క దొరికింది.”

“నా లెక్కా?”

“రండి.”

చివరి గది ఒక్కటే తెరిచి ఉంది. అందులో ఒక చాప, ఒక బకెట్టు, కిటికీలో బ్రెడ్డు కాగితం మడత పెట్టి ఉంది. గోడ అల్మరా తలుపు తెరిచి పక్కకి తప్పుకుంది. గోడలకి ఎన్నిసార్లు సున్నం వేశారో గాని అల్మరా తలుపు లోపలివైపు ఎవరూ ముట్టుకోలేదు. పెన్సిలుతో పైనుంచి కిందికి అంకెలు. 84. 84. 84. 85. కిందికి వచ్చేకొద్దీ పెరిగాయి, రాత కూడా పెద్దదైంది, చిన్నపిల్లలు రాసినట్టు వంకర్లు పోయింది. 87లో ఏడుకి నడుమ అడ్డగీత. 97లోనూ అడ్డగీత. అట్టడుగున, తలుపు అంచు దాకా పాకిన అంకె: 100.

నీళ్ల మేడమ్ ఆ ఏడు మీద వేలు పెట్టి చూసింది. ఆ అడ్డగీత తనది కాదు. పక్క మంచం అమ్మాయిది. ఆమె దగ్గర చూసి తను నేర్చుకుంది. తన దగ్గర చూసి ఈ పిల్ల నేర్చుకుంది. ఆ వెంటనే ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. నలభయ్యో రోజున వరండా చివర నిలబడి, నవ్వి, ఆ అమ్మాయి అన్న ఒక్క ముక్క. ‘వందకి వచ్చిందే.’ అప్పుడు అర్థం కాలేదు. మర్చిపోయాననుకుంది. ఇరవై ఏళ్లు పోయాక మైకు ముందు అదే అంకె నిండుగా ఉంటుందని వాడేసింది.

“మీకూ మొదట ఎనభై నాలుగే,” అంది ఆ అమ్మాయి వెనక నుంచి. “అది చూశాక ధైర్యమొచ్చింది. వరండా పెరుగుతుంది మేడమ్. చదివేవాళ్లకి పెరుగుతుంది కాబోలు. మీరు ఆ సంగతి చెప్పలేదు గాని, ఎవరికి వాళ్లే కనుక్కోవాలని చెప్పి ఉండరు. వందకొచ్చిన రోజు బయటికొస్తాను.”

“పరీక్ష ఇంక పదమూడు రోజులుంది. ఈలోపు వంద రాకపోతే?”

“వచ్చేదాకా ఉంటాను.”

“పరీక్ష పోతుందమ్మా.”

“మీకు పోలేదుగా మేడమ్.”

అరవాలో లాక్కుపోవాలో నీళ్ల మేడమ్‌కి తోచలేదు. లాక్కుపోతే ఈ పిల్ల మళ్లీ ఇక్కడికే వస్తుంది. ఆమెకి తెలిసిన పని ఒకటే: శాంపిలు తీసి చూడటం. బకెట్టు ఎత్తింది. అడుగున నీళ్లున్నాయి. వరండా మొదట్లో పోసింది.

“కాళ్లు తడుపుకో. నడు. రోజూ ఎలా నడుస్తావో అలా.”

ఆ అమ్మాయి నడిచింది. ఎర్రగచ్చు మీద తడి పాదాలు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. నీళ్ల మేడమ్ చెప్పులు విప్పి, తనూ కాళ్లు తడుపుకుని, పక్కనే నడిచింది. పాతిక అడుగులు వేసి ఆగింది. ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు.

నీళ్ల మేడమ్ అడుగుకీ అడుగుకీ నడుమ ఇంకో పాదం పట్టేంత ఖాళీ ఉంది. ఆ అమ్మాయి అడుగుల నడుమ అందులో ముప్పాతిక కూడా లేదు. ఆమెకంటే పొడుగైన పిల్ల.

“వరండా ఉన్నంతే ఉంది,” అంది నీళ్ల మేడమ్. “నీ అంగ తగ్గింది. తిండి లేక.”

ఆ అమ్మాయి చాలాసేపు నేలకేసి చూసింది. ఎండ తగిలేచోట తడి అప్పుడే ఆరడం మొదలైంది.

“మరి మీకూ తగ్గిందా మేడమ్? మీకూ వంద వచ్చిందిగా.”

“అది నేను కాదు.”

చెప్పడం మొదలుపెడితే ఆగలేదు. పది నిమిషాలు కూడా పట్టలేదు. పక్క మంచం, ఆదివారాలు, పిన్ని వాళ్లు రావడం, ఎండగా ఉందని పడుకోవడం, అన్నీ చెప్పింది. ఎక్కడా సర్దలేదు.

“అయితే ఆ నలభై రోజులూ మీరేం చేశారు?”

“ఇంట్లో ఉన్నాను. మూడు పూటలా తిన్నాను. మధ్యాహ్నం నిద్రపోయాను. సాయంత్రం కాస్త చదివాను.”

“ఎంతొచ్చింది?”

“యాభై ఎనిమిది.”

“ఆవిడకి?”

“పరీక్ష రాయలేదు.”

“ఇప్పుడెక్కడుంది?”

“తెలీదు.”

“ఇరవై ఆరేళ్లుగా తెలీదా?”

ఆ అమ్మాయి గోడకి వీపు ఆనించి కిందికి జారి కూర్చుంది. కోపం చూపించడానికి కూడా ఓపిక కావాలి, అది లేదు.

“నేను మీలా అవుదామనుకున్నాను,” అంది. “పొద్దున పేపరు ముందు పెట్టుకుంటే అక్షరాలు కనపడుతున్నాయి గాని ప్రశ్న కనపడటం లేదు మేడమ్. అదీ బాగా చదివినవాళ్లకే అవుతుందేమో అనుకున్నాను.” తల ఎత్తి అడిగింది, “ఆవిడ పేరేంటి?”

నీళ్ల మేడమ్ చెప్పింది. ఆ పేరు నోటితో పలికి ఇరవై ఆరేళ్లయింది. ఆ అమ్మాయి దాన్ని తనలో తను ఒకసారి అనుకుంది. తర్వాత లేవడానికి చెయ్యి చాచింది.

వరండా దాటేటప్పుడు లెక్కపెట్టకుండా ఉండటానికి ఇద్దరూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నారు. మెట్ల దగ్గర ఆ అమ్మాయి ఒక్కక్షణం ఆగి, ఎవరికో దారి ఇస్తున్నట్టు గోడవైపు ఒత్తిగిలింది. ఎందుకని నీళ్ల మేడమ్ అడగలేదు.

ఇంట్లో నీళ్ల మేడమ్ తల్లి ఈ పిల్లని ఎగాదిగా చూసింది.

“ఎవర్నే పట్టుకొచ్చావు? గట్టిగా తుమ్మితే ఎగిరిపోయేలా ఉంది.”

“కాలేజీ పిల్లమ్మా. పరీక్షలయ్యేదాకా నీ గదిలో ఉంటుంది.”

“ఉండనీ. చదివేది నోట్లోనే చదువుకోమను, నాకు నిద్ర తేలిక.” అంటూనే లేచి కంచం కడిగింది. “కూర్చో తల్లీ. ముందు కొంచెమే పెడతాను, ఖాళీ కడుపు ఒక్కసారి నింపితే తట్టుకోలేదు. నీ మేడమ్‌కి నీళ్లే తెలుసు, తిండి సంగతి నాకు తెలుసు.”

రెండు రోజులు పడుకునే ఉంది. మూడో రోజు పుస్తకం తీసింది. ఇస్త్రీ ఆవిడ ఈసారి ఇంటికే వచ్చి, కూతురి మొహం చూసి, ఏమీ అర్థం కాకపోయినా ఏదో అర్థమైనట్టు నీళ్ల మేడమ్ వైపు అదోలా చూసి వెళ్లింది. దణ్ణం మాత్రం పెట్టలేదు. వెనక తలుపు సంగతి నీళ్ల మేడమ్ హాస్టల్‌కి రాసిచ్చింది, గడియ మార్పించారు. తోడు సారుకి మాత్రం అసలు సంగతి చెప్పలేదు. రేపు చెబుదాం, పరీక్షలయ్యాక చెబుదాం అని జరుపుతూ వచ్చింది. అన్ని సీసాలకీ చీటీ రాసే మనిషికి ఈ ఒక్క చీటీ రాయడానికి చెయ్యి రాలేదు.

చివరి పరీక్ష రోజున హాలు గేటు దగ్గర నిలబడి ఉండగా ఆయనే ఎదురయ్యాడు.

“మేడమ్, మీ అమ్మాయి రాస్తోందా? సంతోషం. జూన్‌లో సమావేశం, మీ నలభై రోజుల కథ ఉండాల్సిందే.”

“సార్, ఆ కథ నాది కాదు.” ఆగితే మళ్లీ ఆగిపోతుందని గబగబా చెప్పేసింది. “ఆ నలభై రోజులున్నది వేరే అమ్మాయి. ఆమె పరీక్ష రాయలేకపోయింది. మనిషి ఏమైందో కూడా తెలీదు.”

తోడు సారు తల పంకించాడు. ఆశ్చర్యపోయినట్టు లేడు. అలాంటివి ఆయన అంతకుముందు కూడా విని ఉంటాడు.

“ఎవరిదైతే ఏముంది మేడమ్. కథ పనిచేస్తోందిగా. మీకు చెప్పనే లేదు, మొదటి సంవత్సరం వాళ్లకి పరీక్షలు పోయినవారమే అయిపోయాయి. ముగ్గురు అమ్మాయిలు ఇళ్లకి వెళ్లలేదు. వచ్చే ఏడాదివి ఇప్పట్నుంచే చదువుతారట, మీలాగే. ఏం పట్టుదల మేడమ్. పరీక్షలకి కింది అంతస్తే తెరిచారు; రూల్సు ఒప్పుకోవు గాని, పై అంతస్తు తాళంచెవి నేనే ఇప్పించాను.”

“ఎన్ని రోజులైంది?”

“ఎనిమిదో తొమ్మిదో.”

గంట కొట్టారు. హాల్లోంచి పిల్లలు గుంపుగా బయటికొచ్చారు. ఇస్త్రీ ఆవిడ కూతురు అట్ట చంకలో పెట్టుకుని వచ్చి, ఇద్దరి మొహాలూ చూసింది. ఎలా రాశావని ఎవరూ అడగలేదు. నీళ్ల మేడమ్ రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. ఆ అమ్మాయి తోడు సారు ముందు చెయ్యి చాచింది.

“తాళంచెవి, సార్.”

ఇంకో చెవి ఆయన గొలుసుకే ఉంది. ఎందుకిస్తున్నాడో తెలియకుండానే తీసిచ్చాడు.

ఈసారి ముందు గేటులోంచే వెళ్లారు. మెట్ల మొదట్లోకి రాగానే వినిపించింది. మూడు గొంతులు, కలిసి, ఒకే పాఠం అప్పజెప్పుతున్నట్టు. “డెబ్బై తొమ్మిది. ఎనభై. ఎనభై ఒకటి.” నీళ్ల మేడమ్ కాళ్లు మెట్లమీద ఆగిపోయాయి. ఆ అమ్మాయి ఆగలేదు. ముందు ఎక్కింది.

పై వరండాలో ముగ్గురూ ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు, ఛాతీల దగ్గర పుస్తకాలు. చివరి పిల్ల తల తిప్పి మెట్ల వైపు చూసి, మొహం వెలిగిపోయి, మిగతా ఇద్దర్నీ మోచేత్తో పొడిచింది.

“మేడమే వచ్చారే. మేడమ్, వంద రావట్లేదు మాకు.”

నీళ్ల మేడమ్ నోరు తెరిచేలోపు ఇస్త్రీ ఆవిడ కూతురు వాళ్ల ముందుకెళ్లి నిలబడింది. ఒక్కొక్కరి చేతిలోంచి పుస్తకం తీసి మూసింది.

“రాదు. ఇలా కూర్చోండి,” అంది. “పొద్దుట్నుంచి ఏం తిన్నారో ముందది చెప్పండి.”